‘పూర్తిగా’ అనే మాటకు ఆంగ్లంలో ఎన్ని రూపాలు?

చెరువు పూర్తిగా నిండింది, పాఠం పూర్తిగా చదివాను, పంట పూర్తిగా పోయింది – తెలుగులో ఒక్క మాట ఇన్ని పనులు నెరవేరుస్తుంది. అందువల్లనే మన విద్యార్థులు ఆంగ్లంలో ప్రతిచోటా ‘కంప్లీట్లీ’ అని వ్రాస్తుంటారు. వ్యాకరణరీత్యా దోషం కాకపోవచ్చు గాని, భావచ్ఛాయలు కోల్పోతాము. మన చెరువు మరువ పారడానికి సిద్ధంగా ఉంటే ఆంగ్లేయుడు ‘ఫుల్ టు ది బ్రిమ్’ అంటాడు. పాఠాన్ని శ్రద్ధగా చదివితే ‘థరోలీ’ అంటాడు.

విడదీయని వస్తువు ‘హోల్’. ఉండవలసిన భాగాలన్నీ సమకూడినది ‘కంప్లీట్’. కూడిక లెక్క ‘టోటల్’. ‘అటర్’ అనే మాట ఎక్కువగా చెడుతోనే చెలిమి చేస్తుంది. ‘అటర్ ఫెయిల్యూర్’ ఉన్నది గాని ‘అటర్ సక్సెస్’ అనరు. ఉర్దూ మాతృభాషగా గల విద్యార్థులకు ఇక్కడ కొంత సౌలభ్యమున్నది. ‘సారా గాఁవ్’, ‘పూరా సెట్’, ‘బిల్కుల్ గలత్’ అనే భేదం వారికి ఇంటిలోనే అలవడింది. అయితే ‘బిల్కుల్ ఠీక్’ అని మంచికీ వాడతాము కనుక దానిని ‘అటర్’తో సమానమని భావించరాదు.

జాతీయాల సంగతి మరింత రమ్యమైనది. కరవు నాడు తట్టాబుట్టా సర్దుకొని బెంగుళూరికి పోవడం మనకు తెలిసినదే. ఆంగ్లంలో అది ‘బ్యాగ్ అండ్ బ్యాగేజ్’. ‘లాక్, స్టాక్ అండ్ బ్యారెల్’ అన్నవి తుపాకి భాగాలు. మూడూ చేరితే తుపాకి మొత్తం వచ్చినట్లే. మనం గ్రంథాన్ని ఆమూలాగ్రం చదువుతాము. ఆంగ్లేయులు మాత్రం ‘రూట్ అండ్ బ్రాంచ్’ అని పెకలించడానికే పూనుకుంటారు. 1640లో బిషప్పుల పాలనను సమూలంగా తొలగించాలని లండన్ పౌరులు పార్లమెంటుకు సమర్పించిన అర్జీకి ఆ పేరే నిలిచింది.

అర్జీ అంటే జ్ఞాపకం వచ్చింది. మన జిల్లాలో వేరుశెనగ ఎండిపోయిన ఏడు, చదువుకున్న పిల్లవాని చేతనే తండ్రి దరఖాస్తు వ్రాయిస్తాడు. ‘పంటలన్నీ దక్కలేదు’ అనే వాక్యాన్ని ‘ఆల్ ది క్రాప్స్ డిడ్ నాట్ సర్వైవ్’ అని మార్చితే, కొన్ని దక్కాయని అధికారి అర్థం చేసుకొనవచ్చును. ఒక్క పంటా దక్కనప్పుడు ‘నన్ ఆఫ్ ది క్రాప్స్ సర్వైవ్డ్’ అనే వ్రాయాలి. కొన్ని మాత్రమే పోయి ఉంటే ‘నాట్ ఆల్’ అని వాక్యం మొదటనే ఉంచాలి.