లాక్‌డౌన్‌కీ ఫ్రిజ్‌కీ ఉన్న సంబంధం

కరోనా కాలంలో ఏ ప్రభుత్వం ఏం చేసిందని వెతికేటప్పుడు నేను మళ్లీ మళ్లీ వెనక్కి వెళ్లి చదివింది పెరూ గురించి. దక్షిణ అమెరికాలో పసిఫిక్ తీరాన మూడు కోట్ల పైచిలుకు జనాభా ఉన్న దేశం అది. 2020 మార్చి 16 నుంచే అక్కడ లాక్‌డౌన్. అప్పటికి ఆ దేశంలో ఒక్క కరోనా మరణం కూడా నమోదు కాలేదు. సరిహద్దులు మూసేశారు, రాత్రి కర్ఫ్యూ పెట్టారు, సైన్యాన్ని వీధుల్లోకి దింపారు. అంటురోగాల పాఠ్యపుస్తకం ఏం చెయ్యమంటుందో అదే చేశారు. అయినా జనాభా లెక్కన చూస్తే, ప్రపంచంలోనే అత్యధికంగా కరోనా మరణాలు నమోదైన దేశం పెరూయే.

ఎక్కడ దెబ్బతింది? కారణాలు చాలా ఉన్నాయి. ఆసుపత్రుల్లో పడకలు చాలలేదు, ఆక్సిజన్ దొరకలేదు. సిలిండర్ నింపించుకోవడానికి జనం రాత్రంతా వరసలో నిలబడ్డారు. కానీ అంతకన్నా ముందే, వంటింట్లోనే ఒక కారణం ఉంది. అప్పటికి ఆ దేశంలో దాదాపు సగం ఇళ్లలో ఫ్రిజ్ లేదు. ఫ్రిజ్ లేని ఇంట్లో చేప, మాంసం, పాలు మర్నాటికి నిలవవు. ఏ రోజు కూలి ఆ రోజు తెచ్చుకునేవాడి చేతిలో వారానికి సరిపడా సరుకు కొనే డబ్బూ ఉండదు. దాంతో ఊరంతా మూసేసినా జనం మార్కెట్‌కి వెళ్లక తప్పలేదు. మిగతావన్నీ మూతపడ్డాయి కాబట్టి అందరూ అక్కడికే చేరారు. రాజధాని లీమాలోని టోకు మార్కెట్లలో పరీక్షలు చేస్తే, కొన్నిచోట్ల సగానికి పైగా వ్యాపారులకు వైరస్ సోకినట్టు తేలింది.

రద్దీ తగ్గించాలని ఏప్రిల్ మొదట్లో మరో ఉత్తర్వు ఇచ్చారు. సోమ, బుధ, శుక్రవారాల్లో మగవాళ్లు మాత్రమే బయటికి రావాలి, మంగళ, గురు, శనివారాల్లో ఆడవాళ్లు. ఆదివారం ఎవరూ రాకూడదు. ఇంటికి కూరలు తెచ్చేది ఎక్కువగా ఆడవాళ్లే. దాంతో వాళ్ల రోజుల్లో మార్కెట్లు ఇసక వేస్తే రాలనంతగా కిక్కిరిశాయి. వారం తిరిగేసరికి ఉత్తర్వు వెనక్కి తీసుకున్నారు. పేదలకు ప్రభుత్వం నగదు సాయం కూడా చేసింది. మంచి పనే. కానీ అప్పటికి వయోజనుల్లో సగంమందికి పైగా బ్యాంకు ఖాతాలు లేవు. ఆ డబ్బు తీసుకోవడానికి మళ్లీ బ్యాంకుల ముందు బారులు తీరాల్సి వచ్చింది.

ఇప్పుడు న్యూజీలాండ్ చూడండి. అక్కడా లాక్‌డౌనే, 2020 మార్చి 25 రాత్రి నుంచి. అప్పటికి నమోదైన కేసులు రెండు వందల చిల్లర, మరణాలు లేవు. పని ఆగిపోయినా మనుషుల్ని తీసెయ్యకుండా ఉండడానికి, పూర్తికాలం ఉద్యోగి ఒక్కొక్కరికి వారానికి 585 డాలర్ల 80 సెంట్ల చొప్పున ప్రభుత్వం యజమానులకు ఇచ్చింది. ఇళ్లలో ఫ్రిజ్ ఉంది, ఖాతాలో జీతం పడుతోంది. ఇంట్లో ఉండమంటే జనం ఉండగలిగారు. జూన్ 8 నాటికి దేశంలో ఒక్క రోగీ మిగల్లేదు.

తొందరపడటం ఎంత ముఖ్యమో చెప్పడానికి చిన్న లెక్క చాలు. అడ్డూ అదుపూ లేనిచోట తొలి రోజుల్లో ఈ వైరస్ సుమారు మూడు రోజులకోసారి రెట్టింపయ్యేది. ఈ రోజు 100 మందిలో ఉందనుకోండి. పన్నెండు రోజులకు 1,600 మంది, ఇరవై నాలుగు రోజులకు 25,600 మంది. పైగా ఒంట్లో ఏ లక్షణమూ కనపడక ముందే మనిషి వైరస్‌ని పక్కవాళ్లకు అంటించేస్తాడు. జ్వరం చూసి పట్టుకుందామనుకునే ప్రభుత్వానికి కనపడేవి ఎప్పుడూ వారం, పదిరోజుల కిందటి అంటింపులే.

మరి పెరూ కూడా తొందరపడింది కదా! తొందర ఒక్కటే సరిపోదు. ఇంట్లో కూర్చోమని చెప్పడానికి ఒక రాత్రి చాలు. ఇంట్లో కూర్చోగలిగే బతుకులు ఒక్క రాత్రిలో తయారు కావు. ఈ సంగతి మనకు ఎవరో చెప్పాల్సిన పని లేదు. మన దేశంలో మార్చి 24 రాత్రి 8 గంటలకు లాక్‌డౌన్ ప్రకటన, అర్ధరాత్రి నుంచి అమలు. మన రోడ్ల మీద నెత్తిన మూటలతో, చంకన పిల్లలతో నడిచిపోయినవాళ్లను అందరం చూశాం. వలస కూలీల కోసం దేశంలో మొట్టమొదటి రైలు కదిలింది హైదరాబాద్ దగ్గర లింగంపల్లి నుంచే. మే 1 తెల్లవారుజామున, ఝార్ఖండ్‌లోని హతియాకు. సంగారెడ్డి జిల్లా కందిలో భవన నిర్మాణానికి వచ్చిన కూలీలను బస్సుల్లో తెచ్చి, 72 మంది పట్టే పెట్టెకు 54 మంది చొప్పున ఎక్కించారు. ఎడం పాటించారు, తిండి పెట్టారు, అంతా పద్ధతిగా జరిగింది. అంటే చెయ్యగలమన్నమాట. ఆ రైలు అయిదు వారాలు ముందే కదిలి ఉంటే అని ఇప్పటికీ అనిపిస్తుంది.

జపాన్ దారి వేరు. జనాన్ని బలవంతంగా ఇళ్లలో ఉంచే అధికారం అక్కడి చట్టం ప్రభుత్వానికి ఇవ్వలేదు. చెయ్యగలిగిందల్లా బతిమాలి చెప్పడమే. అలాంటప్పుడు ఏం చెప్పాలన్నది తేల్చుకోక తప్పదు. 2020 ఫిబ్రవరిలో యొకొహామా రేవులో ఆగిన డైమండ్ ప్రిన్సెస్ ఓడలో 3,711 మంది ఉంటే, 712 మందికి వైరస్ సోకింది. ఇటు నగరాల్లో తొలి రోగులు ఎవరెవరిని కలిశారో ఆరా తీసినప్పుడు ఒక విచిత్రం బయటపడింది. ఎక్కువమంది రోగులు ఎవరికీ అంటించలేదు. కొద్దిమంది మాత్రం ఒక్కొక్కరే చాలామందికి అంటించారు.

పొయ్యిలోంచి ఎగిరే నిప్పురవ్వలు చాలావరకు నేల మీద పడి ఆరిపోతాయి. ఒక్కటి గడ్డివాము మీద పడితే చాలు, వాడ వాడంతా అంటుకుంటుంది. తొహొకు విశ్వవిద్యాలయానికి చెందిన హితోషి ఒషితాని బృందం పట్టుకున్న సూత్రం ఇదే. రవ్వలన్నిటి వెంటా పరిగెత్తడం ఎవరివల్లా కాదు, గడ్డివాములు ఎక్కడున్నాయో చూడాలి. మామూలుగా రోగి దొరికితే, ఆ తర్వాత ఎవరిని కలిశాడని అడుగుతారు. వీళ్లు వెనక్కి వెళ్లి, ఇతనికి ఎక్కడ అంటిందని అడిగారు. అంటించినచోటు దొరికితే, అక్కడ అంటుకున్న మరో పదిమంది కూడా దొరుకుతారు.

అలా వెతికితే ఆ చోట్లన్నీ ఒకే రకంగా కనపడ్డాయి: పాటకచేరీలు జరిగే చిన్న హాళ్లు, జిమ్‌లు, విందు పడవలు. గాలి ఆడని గది, కిక్కిరిసిన జనం, మొహంలో మొహం పెట్టి మాటలు. మార్చి 9కే జపాన్ నిపుణులు ఈ మూడూ కలిసిన చోటుకు వెళ్లొద్దని చెప్పారు. జపాన్ భాషలో ఇది ‘సాన్ మిత్సు’గా, అంటే మూడు ఇరుకులుగా, పిల్లల నోళ్లలో కూడా నానింది. అదే నెల 28న ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ వైరస్ గాలి ద్వారా వ్యాపించేది కాదని ప్రకటించింది. మనం పాల ప్యాకెట్లు సబ్బునీళ్లతో కడిగి, ఆ పక్కనే కిటికీలు మూసేసి కూర్చున్న రోజులు గుర్తున్నాయా? కిటికీ తెరవండి అన్న ఒక్క మాట సమయానికి మనదాకా రాలేదు. 2021లో జపాన్‌లోనూ పడకలు చాలక ఇళ్లలో చనిపోయినవాళ్లున్నారు, పరీక్షలు తక్కువ చేశారన్న విమర్శా న్యాయమైనదే. కానీ ప్రజలకు సరైన సంగతి సరైన సమయంలో చెప్పడం కూడా వైద్యమేనని నా నమ్మకం.

దక్షిణ కొరియాకు అంతకుముందే ఒక చేదు అనుభవం ఉంది. 2015లో మెర్స్ అనే అంటురోగం వచ్చి 186 మందికి సోకింది, 38 మంది చనిపోయారు. అప్పుడు ఏ ఆసుపత్రుల్లో రోగులున్నారో ప్రభుత్వం మొదట దాచింది, జనం మండిపడ్డారు. ఆ తర్వాత చట్టాలు మార్చారు, పరీక్ష కిట్లకు అత్యవసర అనుమతి ఇచ్చే ఏర్పాటు చేశారు. అందుకే 2020 జనవరి 27న సియోల్ రైల్వే స్టేషన్‌లో కిట్ల కంపెనీలను సమావేశపరిచి, ఫిబ్రవరి 4 కల్లా మొదటి కిట్‌కి అనుమతి ఇవ్వగలిగారు. తైవాన్‌ది కూడా ఇలాంటి కథే, అక్కడ పాఠం నేర్పింది 2003 నాటి సార్స్. 2020 ఫిబ్రవరి 6 నుంచే ఆరోగ్య బీమా కార్డు చూపిస్తే మనిషికి ఇన్నని మాస్కులు పంచారు.

స్వీడన్ పేరెత్తితే ఇప్పటికీ వాదనే. పదహారేళ్లలోపు పిల్లల బడులు మూయలేదు, హోటళ్లు తెరిచే ఉంచారు, యాభై మందికి మించి గుమిగూడవద్దన్నారు. ఆండర్స్ తెగ్నెల్ అనే శాస్త్రవేత్త ఆ విధానానికి ముఖంగా నిలిచారు. 2020 చివరికి పక్కనున్న నార్వేతో పోలిస్తే జనాభా లెక్కన పది రెట్లకు పైగా మరణాలు. వృద్ధాశ్రమాల్లోని పెద్దవాళ్లను కాపాడలేకపోయామని విచారణ సంఘం తేల్చింది, రాజు కూడా విఫలమయ్యామని ఒప్పుకున్నారు. కానీ 2020 నుంచి 2022 వరకు మూడేళ్లూ కలిపి చూస్తే, మామూలు కన్నా అదనంగా జరిగిన మరణాలు యూరప్‌లో అతి తక్కువగా ఉన్న దేశాల్లో స్వీడన్ ఒకటి. లెక్క ఎక్కడ ఆపితే అక్కడి జవాబు వస్తుంది. ఇంకో సంగతి చాలామంది చెప్పరు. మామూలుగా అక్కడ జబ్బు సెలవులో మొదటి రోజుకు జీతం కోత ఉంటుంది. 2020 మార్చిలోనే ప్రభుత్వం ఆ నష్టాన్ని తనమీద వేసుకుంది. జలుబు చేసినా ఇంట్లో ఉండమని చెప్పి, ఆ రోజు కూలి కూడా ఇచ్చిందన్నమాట.

వైరస్‌ని ఆపి సంపాదించుకున్న సమయాన్ని ఏం చేశారన్నది మరో ప్రశ్న. హాంకాంగ్ రెండేళ్లపాటు వైరస్‌ని చాలావరకు అదుపులో ఉంచింది. 2022 ఆరంభంలో ఒమిక్రాన్ వచ్చేసరికి, అక్కడ 80 దాటినవాళ్లలో ఎక్కువమందికి టీకా పడలేదు. కొద్ది నెలల్లో 9 వేల మందికి పైగా చనిపోయారు. న్యూజీలాండ్‌కి కూడా అదే ఒమిక్రాన్ అవే నెలల్లో వచ్చింది. కానీ అక్కడ పన్నెండేళ్లు దాటినవాళ్లలో 90 శాతానికి అప్పటికే రెండు డోసులు పూర్తయ్యాయి. హాంకాంగ్‌లో జరిగిన ఘోరం అక్కడ జరగలేదు.

ఇన్ని దేశాలను పోల్చాలంటే కొలబద్ద ఒకటి ఉండాలి. కేసుల సంఖ్య పనికిరాదు, పరీక్షలు చెయ్యకపోతే కేసులే ఉండవు. కరోనా మరణాల సంఖ్య కూడా పూర్తిగా నమ్మదగింది కాదు, పరీక్ష జరగకుండా పోయినవాళ్లు అందులోకి రారు. అందుకే శాస్త్రవేత్తలు అదనపు మరణాలు చూస్తారు. మామూలు ఏడాదిలో ఎంతమంది చనిపోతారు, ఆ ఏడాది ఎంతమంది చనిపోయారు, తేడా ఎంత? కారణం ఏం రాశారన్నదానితో పని లేదు. ఈ పద్ధతిలో 2020, 2021 రెండేళ్లలో ప్రపంచమంతటా దాదాపు 1.49 కోట్ల అదనపు మరణాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా వేసింది. దేశాలు అధికారికంగా చెప్పినవి 54 లక్షలు. భారతదేశానికి ఆ సంస్థ వేసిన అంచనా 47 లక్షలు, మన ప్రభుత్వ లెక్క 4.8 లక్షలు. లెక్కకట్టిన పద్ధతి సరికాదని మన ప్రభుత్వం అభ్యంతరం చెప్పింది.

పెరూ ఒక పని చేసింది. నిపుణుల సంఘాన్ని వేసి పాత రికార్డులన్నీ తిరగేయించింది. 2021 మే 31న తన మరణాల సంఖ్యను 69 వేల నుంచి ఒక్కసారిగా 1,80,000 పైకి సవరించుకుంది. ప్రపంచంలో అందరికన్నా ఎక్కువ నష్టపోయిన దేశమన్న పేరు అలా వచ్చిందే. ఆ నిజాయితీకి నేను దణ్ణం పెడతాను.

అదే మే నెలలో మా మేనమామ చనిపోయాడు. నాలుగు రోజులు జ్వరం, అయిదో రోజు ఆయాసం, పరీక్షకు నమూనా తీసేలోపే అయిపోయింది. సర్టిఫికెట్‌లో గుండెపోటు అని రాశారు. కరోనా మృతుల పరిహారానికి అత్తయ్య దరఖాస్తు పెట్టుకుంటే, పరీక్ష కాగితం లేదని తిప్పి పంపారు. మావయ్య చావు మాత్రం పంచాయతీ రిజిస్టరులో తేదీతో సహా ఉంది. అలాంటి రిజిస్టర్లన్నీ తీసి కూడితే, ఆ ఏడాది అదనంగా పోయినవాళ్లలో ఆయనా ఒకడు.