మాడిన ఉలవలు చెప్పిన సంగతి

ఉలవలు వేయించేటప్పుడు నాలుగు గింజలు మాడిపోతే ఏం చేస్తాం? ఏరి అవతల పారేస్తాం. సుమారు నాలుగు వేల ఏళ్ల కిందట అలా పొయ్యిలో పడి మాడిన గింజల గురించి ఈవేళ చెప్తాను.

యాడికి నుంచి గుత్తి, గుంతకల్లు మీదుగా వెళ్తే బళ్లారి వస్తుంది. రాష్ట్రం వేరైనా మనకు పరాయి ఊరేం కాదు. 1882లో అనంతపురం జిల్లా విడివడింది బళ్లారి జిల్లాలోంచే. ఆ ఊరికి ఐదు మైళ్ల దూరంలో సంగనకల్లు గుట్టలున్నాయి. కొత్త రాతియుగం వాళ్లు ఆ గుట్టల మీదే కాపురాలు పెట్టారు. నల్లరాతిని చెక్కి, నూరి గొడ్డళ్లు చేశారు. గొడ్లను మేపారు. 1946లో డాక్టర్ సుబ్బారావుగారు అక్కడ తవ్వకాలు జరిపారు.

వాళ్లేం తిన్నారో తర్వాతి కాలం పరిశోధకులు కనిపెట్టిన తీరు మాత్రం మన వంటింటి పనే నండీ! తవ్విన మట్టిని నీళ్లలో కలుపుతారు. మట్టి అడుక్కి దిగుతుంది, మాడిన గింజలు పైకి తేలతాయి. పప్పు కడిగేటప్పుడు పొల్లు తేలదూ, అలాగన్నమాట. పచ్చి గింజైతే ఏనాడో కుళ్లిపోయేది. బొగ్గయిన గింజకు చెదా లేదు, పురుగూ లేదు. అలా తేలినవి ఉలవలు, పెసలు, అండుకొర్రలు. వాన మొహం చాటేసే మన సీమలో ఇప్పటికీ ఇంట్లో ఉండేవి అవే కదా!

అయితే ఒక్క చిక్కుంది. గింజ ఏ పొరలో దొరికిందో తెలిస్తేనే దాని సంగతి పూర్తిగా అర్థమవుతుంది. పొరలు కలిసిపోయాయంటే అది చెప్పే కథ చాలావరకు పోయినట్టే. ఆ గుట్టల్లో కొంతభాగాన్ని రాళ్లకోసం పగలగొట్టేశారు. బంగారం పోతే గోల చేస్తాం గాని, బూడిదమట్టి పోతే ఎవరికి పట్టింది? ఇలాంటి చోట్లకు రక్షణ కావాలనేది గోడలూ గోపురాలూ ఉన్నాయని కాదు, ఈ మట్టికోసమే.

బళ్లారి వెళ్లినప్పుడు పిల్లల్ని వెంటబెట్టుకుని ఆ గుట్ట ఎక్కండి. పెంకుముక్క కనిపించినా తీసి సంచిలో వేసుకోకండి, పిల్లల్నీ వేసుకోనివ్వకండి. బండల మీద అక్కడక్కడ నూరిన గుంటలుంటాయి. వాటిలో ఒకసారి చెయ్యి పెట్టి చూడండి. మన రోలు లోపల ఉన్నట్టే నున్నగా ఉంటుంది.