హైదరాబాదు పేరు మోసిన స్క్వాడ్రన్ - గ్లాడియేటరు విమానము

స్టేషన్ ఘన్‌పూరు పరిసరముల శ్రోతలకు రైలుకూత నిత్యపరిచితము. మామునూరి విమానాశ్రయమును చూచినవారును కలరు. కాని మన సంస్థానము పేరు ధరించి ఇంగ్లండు ఆకాశమున పోరిన విమానదళమొకటి ఉండెనని ఎరిగినవారు అరుదు. అది బ్రిటిషు వైమానికసేనలోని 152వ హైదరాబాదు స్క్వాడ్రన్. నిజాము ప్రభువు ఇచ్చిన విరాళమునకు గుర్తుగా దానికి ఆ పేరు వచ్చినది. ఆయన తలపాగాయే దాని చిహ్నము. 1939 అక్టోబరులో ఈ స్క్వాడ్రన్‌ను పునర్నిర్మించినపుడు దానికి లభించినవి గ్లాడియేటరు అను జంటరెక్కల విమానములు.

రెండు రెక్కలేల యని అడుగవచ్చును. పైరెక్కను క్రిందిరెక్కను కమ్మెలతోను తీగెలతోను బిగించినచో, నులక బిగిసిన మంచమువలె, తక్కువ బరువుతో ఎక్కువ గట్టిదనము కలుగును. విమానము ఇరుకుచోట చటుక్కున మలుపు తిరుగును. అయితే ఆ కమ్మెలే, ఆ తీగెలే గాలికి అడ్డుపడి వేగమును చంపును. గ్లాస్టరు కంపెనీలో ఫోలండు అను నిపుణుడు రూపొందించిన గ్లాడియేటరు 1934 సెప్టెంబరులో తొలిసారి ఎగిరినది. 1937లో సేనలో చేరినది. నాలుగు మరతుపాకులు, వైమానికునిపై మూసియుండు అద్దపు కప్పు, గంటకు సుమారు 250 మైళ్ల వేగము: జంటరెక్కల జాతికిది పరాకాష్ఠ. కాని 300 మైళ్లు దాటు ఒంటిరెక్కల హరికేను కూడ ఆ సంవత్సరాంతముననే సేనలో ప్రవేశించినది. గ్లాడియేటరు పుట్టుకతోనే వృద్ధురాలని మా అభిప్రాయము.

ఇందు మొదటి రకమునకు రెండాకుల కొయ్యపంకా, రెండవదానికి మూడాకుల లోహపుపంకా ఉండెను. నౌకలపై దిగుటకు కొక్కెము, రబ్బరు పడవ అమర్చినది సీ గ్లాడియేటరు.

1940 ఏప్రిలులో నార్వేలో 263వ స్క్వాడ్రన్ గడ్డకట్టిన సరస్సుపై ఈ విమానములను దింపగా, జర్మనులు బాంబులతో వానిలో పెక్కింటిని నేలమీదనే ధ్వంసము చేసిరి. మరల విమానములతో వెళ్లి పోరి, జూనులో మిగిలినవానిని గ్లోరియస్ అను నౌకపైకి చేర్చిరి. జూను 8న ఆ నౌకయే మునిగినది.

హైదరాబాదు స్క్వాడ్రన్‌కు ఆ గతి పట్టలేదు. 1940 ఆరంభముననే దానికి స్పిట్‌ఫైరు విమానములు వచ్చినవి. ఆ వేసవిలో ఇంగ్లండు దక్షిణతీరమున పోరినది, 1944లో బర్మా రంగమునను పోరినది. విరాళము ప్రభువుదని చరిత్ర వ్రాయును. ఖజానా యైనను, ఆయన సొంత సర్ఫెఖాసు యైనను, రైతు కట్టిన శిస్తుతో నిండినదే గదా! ఆ రైతు పేరు ఏ రెక్కమీదను లేదు.

ఆ స్క్వాడ్రన్ విడిచిన గ్లాడియేటర్లలో కొన్ని షెట్లండు దీవులలో కాపలా కాచినవి. అచటి దళమే 1940 ఆగస్టులో 247వ స్క్వాడ్రన్‌గా మారి ప్లిమతు రేవును రక్షించినది. నాటి బ్రిటను సంగ్రామమున బ్రిటిషు వైమానికసేనలో జంటరెక్కల పోరాట విమానములతో నిలిచినది ఆ ఒక్క స్క్వాడ్రనే.