కూనల మచ్చిక



మన పల్లెలలో కుక్కలేని వీధియు, పిల్లి తిరుగని గాదెయు అరుదు. వాకిటి కావలికి కుక్కయు, ధాన్యమును ఎలుకలనుండి కాచుటకు పిల్లియు మనకు వలయును. ఐనను గడ్డివామి చాటున కుక్క యీనినదని విన్నప్పుడు ఆ కూనల పెంపకమును గూర్చి ఆలోచించువారు మిక్కిలి తక్కువ. ఉన్నవి ఉండును, పోయినవి పోవునని యూరకుందుము. ఏడాది తిరుగునప్పటికి వానిలో నొకటి బడిపిల్లవాని పిక్క పట్టుకొనును. అప్పుడు కఱ్ఱలు తీసికొని బయలుదేఱుదుము. ఆ కాటునకు బీజము కూన కన్నులు తెఱచిన కొలది వారములలోనే పడియుండవచ్చుననియు, ఆ దినములలో మనము చేయదగిన పని కలదనియు నేను నేడు మనవి చేయదలచితిని.

“కుక్కతోక వంకర” యని సామెత. పుట్టుగుణము మాఱదని దాని భావము. తోక మాట నిజమే కాని గుణము మాట సగమే నిజము. కూన పిరికిదగుటకు గాని, నెమ్మది గలదగుటకు గాని తల్లిదండ్రుల పోలిక కొంత కారణము; తొలినాళ్ల యనుభవము మఱికొంత కారణము. “మొక్కై వంగనిది మానై వంగునా” యను సామెతయే యిచ్చట ఎక్కువ తగియున్నది.

కుక్కకూన పుట్టినప్పుడు గ్రుడ్డిది, చెవిటిది. రెండువారములు నిండునప్పటికి కన్నులు విచ్చును. మూడవవారమున వినికిడి కలుగును. అది మొదలు పండ్రెండవ వారమువఱకు, అనగా సుమారు మూడునెలల ప్రాయము వఱకు, దాని మనస్సు తలుపులు తీసియున్న యిల్లువంటిది. హాని చేయక దగ్గఱకు వచ్చిన వారినెల్ల అది తనవారిలో చేర్చుకొనును. పిమ్మట ఆ తలుపు కొంచెము కొంచెముగ మూసికొనును. క్రొత్తది యేది కనబడినను మొదట భయమే కలుగును. భయపడిన కుక్క పాఱిపోవ జూచును. పాఱిపోవ వీలులేనిచోట కఱచును.

ఇది కేవలము ఊహ కాదు. అమెరికాలో మెయిన్ రాష్ట్రమందలి బార్ హార్బరు పట్టణమున నొక పరిశోధనాలయము కలదు. అచ్చట స్కాట్, ఫుల్లర్ అను శాస్త్రజ్ఞులు అనేక సంవత్సరములు కుక్కల నడవడిని పరిశీలించి 1965లో నొక గొప్ప గ్రంథమును ప్రకటించిరి. అచ్చటనే జరిగి 1961లో వెల్లడియైన యొక పరీక్షను చెప్పెదను. ఎత్తైన కంచె కట్టిన పొలములలో, తల్లులతోపాటు కూనలను మనుష్యుల పొడ సోకకుండ పెంచిరి. కొన్నిటిని రెండవవారమున, కొన్నిటిని మూడవ, ఐదవ, ఏడవ, తొమ్మిదవ వారములలో లోనికి దెచ్చి, ఒక్కవారము మనుష్యులతో చెలిమి చేయించి, మరల పొలమునకు పంపిరి. కొన్నిటిని పదునాలుగు వారములవఱకు తాకనేలేదు. తుదకు అన్నిటిని పరీక్షింపగా, నడిమి వారములలో మనుష్యుల నెఱిగినవి చేరువకు వచ్చినవి. పదునాలుగు వారములు ఎఱుగనివి అడవిజంతువులవలె బెదరినవి; వానిని మచ్చిక చేయుట మిగుల దుర్లభమయ్యెను. ఒక్క వారపు చెలిమికి ఎంతటి బలము కలదో దీనివలన తెలియుచున్నది.

ఇక మనము చేయవలసినదేమి? మూడవవారమునుండి దినమునకు రెండుమూడు మారులు, కొలది నిమిషములు, కూనను చేతిలోనికి తీసికొని వీపు, చెవులు, పాదములు మెల్లగా నిమురవలెను. తల్లి గుఱ్ఱుమన్నచో దూరమునుండి అన్నము పెట్టుచు ముందుగ దాని నమ్మకమును సంపాదింపవలెను. యజమాని చేయి యొక్కటియే చాలదు. చేతికఱ్ఱతో నడచు తాత, తలపై బిందె మోయు స్త్రీ, సంచి తగిలించుకొన్న బడిపిల్ల, గొంగడి కప్పుకొన్న గొఱ్ఱెలకాపరి, వీరందఱును దానికి పరిచితులు కావలెను. ట్రాక్టరు మ్రోత, మోటారుసైకిలు చప్పుడు, పెండ్లిమేళము మొదట దూరమునుండి వినిపించి, బెదరనప్పుడు కొంచెము దగ్గఱ చేయవలెను. కోళ్లను, మేకపిల్లలను, దూడలను చూపవలెను. బెదరినచో బలవంతముగ ఈడ్వరాదు. వెనుకకు మఱలి, ఒక అన్నపుముద్ద యందించి, మఱునాడు మరల ప్రయత్నింపవలెను.

ఎనిమిది వారములు నిండనిదే కూనను తల్లినుండి వేఱుచేయరాదు. తోడి కూనలతో ఆడుచు గట్టిగ కఱచినప్పుడు తక్కినవి ఆట మాని తొలగిపోవును. పండ్లు ఎంత నొక్కవచ్చునో అది యీ బడిలోనే నేర్చుకొనును. నెలనాళ్లకే తెచ్చిన కూనకు ఈ చదువు లేదు గనుక మన చేతులను కఱచును. అప్పుడు మనమును ఆ కూనలవలెనే చేయి తీసికొని, ఆట చాలించి, మొగము త్రిప్పుకొనవలెను. ఇల్లు పాడుచేసినదని “కుక్కకాటునకు చెప్పుదెబ్బ” యన్నట్లు కొట్టినచో, తాను చేసిన తప్పేదో దానికి తెలియదు. చేయి యెత్తిన మనిషి భయంకరుడని మాత్రము తెలియును. నిద్ర లేచిన వెంటనే, తిన్న వెంటనే పెరటిలోనికి తీసికొనిపోయి, పని ముగించినప్పుడు లాలించినచో శీఘ్రముగ అలవడును.

పిల్లి విషయమున గడువు ఇంకను తక్కువ: రెండవవారమునుండి ఏడవవారము వఱకే. ఫిలడెల్ఫియాలోని టెంపిల్ విశ్వవిద్యాలయమున ఐలీన్ కార్ష్ అను విదుషి 1980 తరువాతి సంవత్సరములలో పరీక్షలు జరిపి, మూడవవారమునుండి చేతబట్టి లాలించిన కూనలు, ఏడవవారమున మొదలిడినవానికంటె మనుష్యులయొద్ద ఎక్కువసేపు నిలుచునని చూపెను. పిల్లి తన పిల్లలను ఏడిండ్లు త్రిప్పునని మనవారి మాట. ఆ త్రిప్పుటలోనే యీ వారములు గడచిపోవును. కావున అటకమీదనో, గాదె చాటుననో పాతగోనె పఱచిన గంప నొకదాని నుంచి, అలజడి లేకుండ చూచినచో తల్లి అచ్చటనే నిలుచుట కవకాశము కలదు. పిల్లికూనను వ్రేళ్లతో ఆడింపరాదు. త్రాటికి కట్టిన గుడ్డపేలికతో ఆడింపవలెను. వ్రేళ్లు ఆటవస్తువులని నేర్చినది పెరిగిన పిదప రక్కును.

మచ్చికతోపాటు మందును మఱవరాదు. కుక్కకూనకు రెండువారములనుండి పశువైద్యుని సలహాపై నట్టలమందు పోయవలెను. ఆఱు, ఎనిమిది వారముల నడుమ పార్వో మొదలగు తెగుళ్ల టీకాలు మొదలిడి, మూడునెలలకు రేబీసు టీకా వేయింపవలెను. టీకాలన్నియు ముగియువఱకు ఇంట దాచినచో మచ్చికకాలము దాటిపోవును. వీధిలో విడిచినచో తెగులు సోకును. అందుచేత ఆ నడుమ కూనను చంకనెత్తుకొని లోకమును చూపవలెను, పరాయికుక్కలు తిరుగు నేలపై దింపరాదు.

తుదకు మన పిల్లల మాట. మనుష్యులకు వచ్చు రేబీసు దాదాపు అంతయు కుక్కకాటు వలననే వచ్చుచున్నది. అనుమానింపదగిన జంతువులచే కఱవబడినవారిలో నూటికి నలుబదిమంది పదునైదేండ్లలోపు వారని ప్రపంచారోగ్యసంస్థ చెప్పుచున్నది. వ్యాధి లక్షణములు పొడసూపిన పిదప ప్రాణము దక్కుట దాదాపు అసంభవము. కాటు చిన్నదైనను, కఱచినది పెంపుడు కూనయే యైనను, పాఱు నీటిలో సబ్బుతో పదునైదు నిమిషములు కడిగి వెంటనే ఆసుపత్రికి పోవలెను. కారము, సున్నము, పసరు పెట్టరాదు. పూర్వము బొడ్డుచుట్టు పొడిచెడి సూదులు నేడు లేవు; చేతి దండకు వేయు టీకాయే కలదు.

కూన తోకకు డబ్బా కట్టుట, రాయి విసరుట, పాలు త్రాగుదానిని లాగికొనుట పిల్లలకు వేడుక. తలుపులు తీసియున్న ఆ వారములలో కూన నేర్చు పాఠము “బాలుడనగా రాయి” యను నదియే యైనచో, ఆ పాఠము అప్పగింపబడునది మఱియొక బాలుని పిక్కకు. పిల్లలను వారించుటకు చట్టము అక్కఱలేదు. రచ్చబండమీది పెద్దమనిషి మాట యొక్కటి చాలును. మీ వీధిలో కుక్క యీనిన దినమునుండి పండ్రెండు వారములు లెక్కింపుడు. ఆ కూనలకు ఇంత గంజియు, ఇంత చెలిమియు దొరకునట్లు చూడుడు. రాబోవు పదేండ్లు మీ మనుమలు ఆ వీధిలో నిర్భయముగ నడతురు.