కానుపు సెలవంటే పని పోయినట్టు కాదు

పోయిన నెల మా చెల్లెలి కూతురు బళ్ళారి నుంచి దేశనూరుకు వచ్చింది. అక్కడ జీన్సు ప్యాంట్లు కుట్టే ఫ్యాక్టరీలో మిషను మీద పని. ఇప్పుడు అయిదో నెల. "పెద్దమ్మా, రేపటి నుంచి రావద్దన్నాడు సూపర్‌వైజరు. కానుపయినాక కొత్తగా చేర్చుకుంటాడంట" అని కండ్లనీళ్ళు పెట్టుకుంది.

నాకు నా కథే గుర్తొచ్చింది. 1986లో నేను ఒక నూలు మిల్లులో వైండింగులో ఉంటిని. నెల తప్పిన సంగతి ఆరో నెల దాకా కొంగు చాటున దాచుకున్నా. తెలిసిన వారానికే మేస్త్రీ హాజరు పుస్తకంలో నా పేరు కొట్టేసినాడు. బిడ్డకు మూడు నెలలు నిండకముందే తిరిగి పోతే కొత్త మనిషి కింద రాసుకున్నారు. ఆరేండ్ల సర్వీసు పోయింది. కానుపు సొమ్ము ఒక్క రూపాయి రాలేదు. చట్టం 1961లోనే వచ్చిందని నాకు చెప్పినోళ్ళు లేరు. నేనూ అడగలేదు.

ఆ చట్టం కన్నా ముందే ఇది మిల్లు ఆడవాళ్ళ కోసం పుట్టిన హక్కు. బొంబాయి బట్టల మిల్లుల్లో మన తెలుగోళ్ళు చానామంది పనిచేసేవాళ్ళు. ఆ బొంబాయిలోనే 1929లో ప్రసూతి చట్టం వచ్చింది. ముందు ఏడాది అక్కడి శాసనమండలిలో అంబేద్కర్ దాన్ని బలపరిచి మాట్లాడినాడు. మద్రాసు రాష్ట్రానికి 1934 చట్టం ఉండేది. మన బళ్ళారి 1953 దాకా మద్రాసులోనే కదా ఉన్నది.

ఇప్పుడు ఉన్నదేమిటో చెప్తాను. 2017లో సెలవు 12 వారాల నుంచి 26 వారాలకు పెంచినారు. అందులో 8 వారాల దాకా కానుపుకు ముందే తీసుకోవచ్చు. ఇద్దరు పిల్లలున్నాక మూడో కానుపుకు 12 వారాలే. కానుపుకు ముందటి ఏడాదిలో 80 దినాలు పని చేసుంటే చాలు, ఆ సెలవుకు సంబళం వస్తుంది. ఈఎస్ఐ ఉన్నోళ్ళకు సొమ్ము ఈఎస్ఐ నుంచే వస్తుంది. దానికి 70 దినాల చందా కట్టుండాల. 1961 చట్టాన్ని 2025 నవంబరు నుంచి సామాజిక భద్రతా కోడ్‌లో కలిపినారు. హక్కులు మాత్రం పోలేదు.

సెలవులో ఉన్న మనిషిని పని నుంచి తీసేయడం తప్పు. కడుపుతో ఉన్నప్పుడే ముందుగా తీసేసినా, పెద్ద నేరమేదో చేసుంటే తప్ప, కానుపు సొమ్ము ఇయ్యక తప్పదు. నెలలు దగ్గరపడినాక మనం అడిగితే బరువు పని, గంటలకొద్దీ నిలబడే పని చెప్పకూడదు. కానుపయిన ఆరు వారాలు పనిలో పెట్టుకోనే కూడదు. తిరిగి వచ్చినాక బిడ్డకు 15 నెలలు నిండేదాకా పాలివ్వడానికి దినానికి రెండుసార్లు వదలాల. 50 మంది పనిచేసే చోట పసిపిల్లల గది ఉండాల.

"మేము కాంట్రాక్టు కదా, దినకూలి కదా" అంటారు కొందరు. ఢిల్లీ మున్సిపాలిటీలో రోడ్డు పని చేసే దినకూలి ఆడవాళ్ళు ఇదే మాట మీద కోర్టుకు పోతే, 2000లో సుప్రీంకోర్టు వాళ్ళకూ ఈ హక్కు ఉందని తీర్పిచ్చింది.

మా పిల్లకు నేను చెప్పింది ఒక్కటే. నోటితో అడగొద్దు, రాసి ఇవ్వు. డాక్టరు చీటీ నకలు జత చేయి. ఎప్పటి నుంచి సెలవు కావాలో తేదీ రాయి. ఇంకో కాపీ మీద ఆఫీసులో తీసుకున్నట్టు సంతకం, ముద్ర వేయించుకో. వాళ్ళు తీసుకోకపోతే స్పీడు పోస్టులో పంపు. సంబళం చీటీలు, ఈఎస్ఐ కార్డు పారేసుకోవద్దు. అప్పటికీ వినకపోతే లేబరు ఆఫీసు ఉంది.

నాలుగో తరగతి చదివిన నేను చెప్తుంటే ఆ పిల్లే కన్నడంలో అర్జీ రాసింది. సోమవారం పోయి ఇచ్చింది. సూపర్‌వైజరు కాగితం చూసి, "ఎవరు చెప్పినారు నీకు ఇదంతా?" అన్నాడంట. "మా పెద్దమ్మ" అనిందంట. మంగళవారం మిషను కాడ కూర్చుంది. సొమ్ము చేతికొచ్చేదాకా నాకు నమ్మకం లేదు, వచ్చినాక మళ్ళీ రాస్తాను.

మీ ఇంట్లో కోడలో, కూతురో కడుపుతో పనికి పోతుంటే ఈ పేజీ ఒకసారి చదివి వినిపించండి. నాకు ఆ దినం చదివి చెప్పినోళ్ళు లేకపోయిరి.