క్యాసెట్టులోని బొమ్మ కంప్యూటరులోకి – మసకబారకుండా!

కిందటి సంవత్సరం మా పాఠశాలలో పదో తరగతి చదివే ఒక అమ్మాయి రెండు వస్తువులు పట్టుకుని నా దగ్గరకు వచ్చింది. ఒకటి డి.వి.డి., రెండోది అగ్గిపెట్టె కంటె కొంచెం పెద్దదైన వీడియో క్యాసెట్టు.

"మాస్టారూ! 2003లో మా బాబాయి పెళ్ళి వీడియో ఇది. ఇందులో మా తాతయ్య హార్మోనియం ముందు కూర్చుని పద్యాలు పాడారు. నేను పుట్టకముందే ఆయన పోయారు. డి.వి.డి. వేసి చూస్తే ముఖమంతా గళ్ళు గళ్ళుగా కనిపిస్తోంది. ఆ రోజుల్లో కెమెరాలు మంచివి కావా?" అని అడిగింది.

తప్పు కెమెరాది కాదు. మరి ఎవరిది? అది తెలియాలంటే ముందుగా టేపు సంగతి తెలుసుకోవాలి.

టేపు మీద ఏముంటుంది?

సినిమా ఫిల్మును వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే బొమ్మలు కనిపిస్తాయి. వీడియో టేపును ఎంత పరీక్షగా చూసినా ఏమీ కనిపించదు. అది అయస్కాంత పదార్థం పూసిన సన్నని ప్లాస్టిక్ నాడా మాత్రమే. కెమెరా కటకం గుండా వచ్చిన కాంతి విద్యుత్తుగా మారుతుంది. ఆ విద్యుత్తు ‘హెడ్’ అనే చిన్న విద్యుదయస్కాంతంలో ప్రవహించి టేపు మీద అయస్కాంత గుర్తులు వేస్తుంది. తిరిగి చూసేటప్పుడు ఇదంతా వెనుక నుంచి ముందుకు జరుగుతుంది. కదిలే టేపు హెడ్‌లో విద్యుత్తును పుట్టిస్తుంది. 1831లో మైకేల్ ఫారడే కనిపెట్టిన విద్యుదయస్కాంత ప్రేరణ ఇదే!

అలలు – అంకెలు

ఈ గుర్తులు వేయడంలో రెండు పద్ధతులున్నాయి. 1976లో జపానులో వచ్చిన వి.హెచ్.ఎస్. క్యాసెట్టులో బొమ్మను ఎగుడుదిగుడుల అలగా రాస్తారు. దీనిని అనలాగ్ పద్ధతి అంటారు. 1995లో వచ్చిన డి.వి. క్యాసెట్టులో బొమ్మను 0, 1 అనే అంకెలుగా మార్చి రాస్తారు. ఇది డిజిటల్ పద్ధతి.

రెండింటికీ గల భేదం తెలియాలంటే మీ తరగతిలోనే ఒక ప్రయోగం చేయవచ్చు. ఒక విద్యార్థి కాగితం మీద నెమలి బొమ్మ వేయాలి. దానిని చూసి రెండోవాడు, రెండోవాడి బొమ్మను చూసి మూడోవాడు, ఇలా పదిమంది వేయాలి. పదో నెమలి బహుశా కోడిలా ఉంటుంది! ఇప్పుడు బొమ్మకు బదులు పది అంకెల సంఖ్యను అదే విధంగా రాయించండి. శ్రద్ధగా రాస్తే పదో కాగితం మీద కూడా అదే సంఖ్య ఉంటుంది. దస్తూరి మారుతుంది గాని సంఖ్య మారదు.

అలను నకలు తీస్తే ప్రతిసారీ కొంత చెడుతుంది. అంకెలను అంకెలుగానే నకలు తీస్తే ఏమీ చెడదు. టేపు మీద ఒకటి రెండు అంకెలు చెరిగినా భయం లేదు. 1960లో రీడ్, సాలమన్ అనే గణిత శాస్త్రజ్ఞులు రూపొందించిన పద్ధతి ప్రకారం డి.వి. టేపు మీద కొన్ని తనిఖీ అంకెలను కూడా రాస్తారు. వాటి సాయంతో యంత్రం చిన్న తప్పులను తానే దిద్దుకుంటుంది.

మరి గళ్ళు ఎలా వచ్చాయి?

ఇప్పుడు కొంచెం లెక్క చేద్దాం. మన దేశంలో వాడిన డి.వి. పద్ధతిలో ఒక్కొక్క బొమ్మలో 720 × 576, అంటే 4,14,720 చుక్కలుంటాయి. చుక్కకు మూడు రంగులకు మూడు బైట్లు. సెకనుకు 25 బొమ్మలు. అన్నీ గుణిస్తే సెకనుకు 3,11,04,000 బైట్లు. గంటకు దాదాపు 112 గిగాబైట్లు! అంత చిన్న క్యాసెట్టులో ఇది పట్టదు.

అందువల్ల కెమెరా రెండు ఉపాయాలు పన్నుతుంది. మన కన్ను వెలుగునీడల తేడాను పట్టినంత బాగా రంగుల తేడాను పట్టలేదు. కాబట్టి రంగు వివరాలను తగ్గించి, మొత్తాన్ని సగం చేస్తుంది. తర్వాత బొమ్మను 8 × 8 చుక్కల గడులుగా విడగొట్టి, ఒక్కొక్క గడిలో కంటికి అంతగా ఆనని వివరాలను వదిలి, మిగిలినదాన్ని అయిదో వంతుకు కుదిస్తుంది. ధ్వనితో కలిపి గంటకు సుమారు 13 గిగాబైట్లు అవుతుంది. ఈ కుదింపు మనకు తెలియనంత నేర్పుగా జరుగుతుంది.

ఆ అమ్మాయి ఇంట్లో ఇలాంటి గంట క్యాసెట్లు నాలుగు ఉండేవి. అంటే 52 గిగాబైట్లు. ఒక దుకాణంలో ఆ నాలుగింటినీ 4.7 గిగాబైట్ల డి.వి.డి. ఒక్కదానిలో ఇమిడ్చారు. ఒకసారి కుదించినదాన్నే మళ్ళీ పదకొండో వంతుకు కుదించారన్నమాట! వివరాలు పోగా మిగిలిన గడుల అంచులే తాతయ్య ముఖం మీద గళ్ళు. పారేసిన వివరాన్ని ఏ యంత్రమూ తిరిగి తేలేదు. మహా అయితే ఊహించి పూరించగలదు.

సరైన దారి

డి.వి. కెమెరాకు ఫైర్‌వైర్ అనే ద్వారం ఉంటుంది. కొన్ని కెమెరాల మీద దీనినే ఐ-లింక్ అని రాస్తారు. దీని గుండా టేపు మీది అంకెలు ఉన్నవి ఉన్నట్టుగా కంప్యూటరులోకి వెళ్తాయి. గంట టేపుకు గంట పడుతుంది. చాలా కెమెరాల్లో యు.ఎస్.బి. ద్వారం కూడా ఉంటుంది గాని, అది ఎక్కువగా నిశ్చల చిత్రాలకో, నాణ్యత తగ్గిన వీడియోకో ఉద్దేశించినది. ఇప్పటి కంప్యూటర్లలో ఫైర్‌వైర్ ఉండదు కాబట్టి పాత కంప్యూటరును వెతకాలి, లేదా ప్రత్యేకమైన కార్డు అమర్చాలి.

వి.హెచ్.ఎస్. వంటి పాత క్యాసెట్లలో ఉన్నవి అలలు. వాటిని ఒక్కసారే అంకెలుగా మార్చాలి. నకలు నుంచి కాక అసలు క్యాసెట్టు నుంచే మార్చాలి. యంత్రానికి ఎస్-వీడియో ద్వారం ఉంటే దానిని వాడాలి. అది వెలుగునూ రంగునూ వేర్వేరు తీగల్లో పంపుతుంది. పసుపు మూతి గల సాధారణ తీగలో రెండూ కలిసిపోయి అంచులు మసకబారుతాయి.

మరికొన్ని జాగ్రత్తలు:

1. క్యాసెట్టు మీది రక్షణ మీటను ముందుగా జరపండి. పొరపాటున పాతదాని మీద కొత్తది రికార్డు కాదు.

2. టేపు మీద తెల్లని బూజు కనిపిస్తే ఆడించవద్దు. బూజు హెడ్‌ను పాడుచేస్తుంది. తేమ గల కోస్తా ఊళ్ళలో ఇది మామూలే.

3. గంట టేపుకు 25 × 3,600, అంటే 90,000 బొమ్మలు రావాలి. తగ్గితే మధ్యలో కొన్ని జారిపోయాయని అర్థం.

4. కంప్యూటరు తెర మీద కదిలే చేతుల అంచుల్లో దువ్వెన పళ్ళ వంటి గీతలు కనిపించవచ్చు. అది లోపం కాదు. ఈ కెమెరాలు బేసి గీతలను ఒకసారి, సరి గీతలను మరొకసారి చిత్రిస్తాయి. అసలు ఫైలును ముట్టుకోకుండా, చూసుకునే నకలులో మాత్రమే ఆ గీతలను సరిచేయండి.

5. ఫైలును కనీసం రెండు చోట్ల దాచండి. క్యాసెట్టును పారేయవద్దు.

తొందర దేనికంటే, టేపు ఎంత బాగున్నా దానిని చదివే యంత్రం ఉండాలి కదా! వి.హెచ్.ఎస్. యంత్రాల తయారీ 2016లో ఆగిపోయింది. ఉన్న యంత్రాలు మూలబడుతున్నాయి.

చివరికి ఏమైంది?

ఆ అమ్మాయి తెచ్చిన క్యాసెట్టును ఫైర్‌వైర్ ద్వారా కంప్యూటరులోకి ఎక్కించాం. తాతయ్య నుదుటి విభూతి రేఖలు, హార్మోనియం మెట్ల మీద వేళ్ళు స్పష్టంగా కనిపించాయి. వాళ్ళ నాయనమ్మ వచ్చి చూసి చాలాసేపు మాట్లాడలేదు.

కాని పద్యం సగంలో ఉండగా క్యాసెట్టు అయిపోయింది. మిగతా సగం తర్వాతి క్యాసెట్టులో ఉంది. డి.వి.డి. వచ్చింది కదా అని, ఇల్లు మారినప్పుడు ఆ మూడు క్యాసెట్లనూ పారేశారట! ఆ సగం పద్యం ఇక ఎప్పటికీ గళ్ళలోనే.

మీ ఇంటి బీరువాలో ఇలాంటి క్యాసెట్టు ఏదైనా ఉందేమో, ఈ ఆదివారమే వెతికి చూడండి.