చేనుకు సాక్షి... ఆకాశంలో!

వానలు మొహం చాటేశాయి. కాదంటే, పొట్టకొచ్చిన చేను మీద తుపాను విరుచుకుపడింది. రైతు బీమా కట్టే ఉన్నాడు. మరి నష్టం ఎంతో తేల్చేదెవరు? రైతు చెబితే కంపెనీ నమ్మదు. కంపెనీ చెబితే రైతు ఒప్పుకోడు. నడుమ సర్కారు లెక్క ఒకటి ఉంది కానీ, అది తేలి డబ్బు చేతికొచ్చేలోగా మరో పంట వేసే రోజులొచ్చేస్తాయి. ఈ తగువులోకి ఇప్పుడు కొత్త సాక్షి ఒకటి దిగింది. కాదు కాదు... దిగలేదు, వందల కిలోమీటర్ల ఎత్తునే ఉండి చూస్తోంది!

నాలుగు మడుల తీర్పు

మన దగ్గర పంటల బీమా ఏ రైతుకారైతుకు విడిగా లెక్కగట్టేది కాదు. వరిలాంటి ప్రధాన పంటలకు ఊరంతా ఒకటే యూనిట్. 2016 ఖరీఫ్‌లో మొదలైన ప్రధానమంత్రి ఫసల్ బీమా యోజన ప్రకారం ఒక్కో గ్రామ యూనిట్‌లో ఒక్కో ప్రధాన పంటకు కనీసం నాలుగు పంట కోత ప్రయోగాలు చెయ్యాలి. చీటీ వేసినట్టుగా కొన్ని సర్వే నంబర్లు ఎంపిక చేస్తారు. చేలో ఇన్ని అడుగులు నిలువుగా, ఇన్ని అడుగులు అడ్డంగా నడవాలని మరో అంకె చెబుతుంది. అక్కడ మేకులు కొట్టి, తాడు కట్టి, వరికైతే అయిదు మీటర్ల పొడవు, అయిదు మీటర్ల వెడల్పు చోటు గుర్తిస్తారు. ఆ కాస్తంత మడి కోసి, నూర్చి, తూకం వేస్తారు. ఆ తూకాల సగటే ఊరందరి దిగుబడి!

దీన్ని దేంతో పోలుస్తారు? గడిచిన ఏడేళ్లలో బాగా పండిన అయిదేళ్ల సగటు తీసుకుని, అందులో బీమా హామీ ఉన్న శాతాన్ని లెక్కిస్తారు. అదే హామీ దిగుబడి. ఈ ఏటి దిగుబడి దానికంటే ఎంత తగ్గితే పరిహారం అంత శాతం. మాట వరసకు హామీ దిగుబడి హెక్టారుకు 20 క్వింటాళ్లు, ఈసారి పండింది 15 అనుకుందాం. తగ్గింది నాలుగో వంతు. ఎకరాకు 40 వేల బీమా ఉంటే రైతుకొచ్చేది 10 వేలు.

లెక్క సులువే. చిక్కంతా తూకం దగ్గరే. కోతలన్నీ ఒకేసారి మీద పడతాయి. సిబ్బంది కొద్దిమంది, చేలు వేలు. కొన్నిచోట్ల ప్రయోగం కాగితం మీదే జరిగిపోతుంది. మంచి మడి కొయ్యమని ఒకరు, ఎండిన మడి కొయ్యమని మరొకరు ఒత్తిడి తెస్తారు. నాలుగు మడుల్లో ఒక్కటి తప్పినా ఊరంతటి పరిహారం మారిపోతుంది.

ఆకు చెప్పే కబురు

ఉపగ్రహం గింజను చూడదు. ఆకును చూస్తుంది. పచ్చగా ఏపుగా ఉన్న ఆకు ఎండలోని ఎరుపు కాంతిని తాగేస్తుంది. మన కంటికి కనిపించని పరారుణ కాంతిని మాత్రం వెనక్కి కొడుతుంది. చేను వాడిపోతే ఈ తీరు తారుమారవుతుంది. ఈ రెండు కాంతుల తేడాను వాటి మొత్తంతో భాగిస్తే ఓ అంకె వస్తుంది. దాని పేరు ఎన్‌డీవీఐ. మైనస్ ఒకటి నుంచి ఒకటి దాకా ఉండే ఈ అంకె, పైరు బాగున్నకొద్దీ పెరుగుతుంది. నాటిన దగ్గర్నుంచి కోత దాకా దీన్ని వరసగా గీస్తే పైరు జాతకమంతా ఆ గీతలో కనిపిస్తుంది. మామూలు ఏడాది గీతనూ ఈ ఏటి గీతనూ పక్కపక్కన పెడితే చేను ఎప్పుడు దెబ్బతిన్నదీ తెలిసిపోతుంది.

అయితే ఖరీఫ్‌లో ఆకాశమంతా మబ్బులే కదా! మామూలు కెమెరాకు మబ్బు అడ్డం. అందుకే రాడార్ ఉపగ్రహాలు. ఇవి తామే తరంగాల్ని పంపి, తిరిగొచ్చినవాటిని పట్టుకుంటాయి. మబ్బైనా చీకటైనా వీటికొకటే. నీళ్లు నిలిచిన వరి మడి రాడార్ చిత్రంలో నల్లగా కనిపిస్తుంది. పైరు పిలకలు వేసి పెరిగేకొద్దీ తెల్లబడుతుంది. ఈ మార్పును బట్టి నాట్లు ఎప్పుడు పడ్డాయో, అసలు పడ్డాయో లేదో కూడా చెప్పొచ్చు. ఇస్రో 2012లో రీశాట్-1ను, 2022లో ఈఓఎస్-04ను పంపింది ఇలాంటి పనులకే. ఐరోపా సెంటినెల్ ఉపగ్రహాల చిత్రాలైతే ఎవరికైనా ఉచితం. పది మీటర్ల పొడవు, వెడల్పున్న చోటు వాటిలో ఒక చుక్క. అంటే ఎకరం చేను దాదాపు నలభై చుక్కలన్నమాట.

మన దేశంలో ఈ చూపు మొదలైంది కొబ్బరి చెట్టుతో! 1970 ప్రాంతంలో కేరళలో కొబ్బరి వేరు తెగులును కనిపెట్టడానికి పిషారోటి అనే శాస్త్రవేత్త బృందం హెలికాప్టర్ నుంచి పరారుణ ఫొటోలు తీసింది. 1974లో హైదరాబాద్‌లో రిమోట్ సెన్సింగ్ సంస్థ వెలిసింది. 1988లో మన సొంత ఉపగ్రహం ఐఆర్ఎస్-1ఎ పైకెళ్లింది.

ముప్ఫై పైసల వాటా

2023 ఖరీఫ్ నుంచి కేంద్రం 'యెస్-టెక్' అనే పద్ధతి తెచ్చింది. మొదట వరి, గోధుమలకు పెట్టి, తర్వాత సోయాబీన్‌నూ చేర్చింది. దిగుబడి లెక్కలో కనీసం 30 శాతం వాటా ఉపగ్రహంలాంటి సాంకేతిక పద్ధతులకివ్వాలి. మిగతాది పంట కోత ప్రయోగానికి. ఆంధ్రప్రదేశ్ సహా తొమ్మిది రాష్ట్రాలు దీన్ని అమలు చేస్తున్నాయనీ, మధ్యప్రదేశ్ నూటికి నూరు శాతం సాంకేతిక లెక్కకే వెళ్లిందనీ 2025 జనవరిలో కేంద్రం ప్రకటించింది.

దీంతో రైతుకేమిటి? ఇందాకటి లెక్కే తీసుకుందాం. కోత ప్రయోగంలో 18 క్వింటాళ్లు తేలింది, ఉపగ్రహం 14 అంది. ఇద్దరి మాటా 70, 30 పాళ్లలో కలిపితే 16.8. ఎకరాకు రావాల్సిన 4 వేలు కాస్తా 6,400 అవుతుంది. బాగానే ఉంది! కానీ అటుదిటైతే? ప్రయోగంలో 14, ఉపగ్రహం లెక్కలో 18 వస్తే... 12 వేలు రావాల్సినచోట 9,600తో సరిపెట్టుకోవాలి. సాక్షి ఎవరి చుట్టమూ కాదు. అందుకే అది నిజమే చెబుతోందా అన్నది రైతుకు ప్రాణప్రదమైన ప్రశ్న.

పైనుంచి కనిపించనివి

వేరుసెనగనే చూడండి. పైన ఆకు పచ్చగా నిగనిగలాడుతుంది. ఊడలు దిగే వేళకు నేలలో తడి లేకపోతే కింద కాయ ఉండదు. పీకి చూస్తే తప్ప ఆ సంగతి బయటపడదు. పత్తి చెట్టు నిండుగా ఉంటుంది, కాయలో గులాబీ పురుగు ఉంటుంది. కోసి పనలు వేశాక వాన పడితే గింజ మొలకెత్తుతుంది. అప్పటికి చేలో పచ్చదనమే ఉండదు, ఇక కొలిచేదేముంది? వేరుసెనగలో కంది సాళ్లు వేస్తే రెండు పైర్ల రంగూ ఒకే చుక్కలో కలిసిపోతుంది.

అందుకే నిపుణులు ఉపగ్రహాన్ని తీర్పరిగా కాక, దారి చూపే తోడుగా వాడమంటారు. పైరు ఎక్కడ బాగుందో, ఎక్కడ మధ్యస్థమో, ఎక్కడ దెబ్బతిందో ముందు పైనుంచి చూస్తారు. ఆ మూడు రకాల చేలూ వచ్చేలా కోత ప్రయోగాలకు మడుల్ని ఎంచుతారు. ప్రయోగం జరిగిన చోటు, సమయం, ఫొటో ఫోన్ యాప్‌లోకి ఎక్కించాలి. కాగితం మీది కోతలకు అలా కళ్లెం పడుతుంది.

నేలకు దూరంగా ఉండే కొలమానం కోసం వెతుకులాట పాతదే. 1920లోనే మైసూరు సంస్థానంలో జె.ఎస్.చక్రవర్తి వానల కొలతను బట్టి బీమా ఇవ్వొచ్చని పుస్తకం రాశారు. ఆ ఆలోచన 2003లో మన మహబూబ్‌నగర్ జిల్లాలో వేరుసెనగ, ఆముదం రైతులకు వాన బీమాగా ముందుకొచ్చింది. 2010లో కెన్యాలోని మార్సబిట్‌లో పశువుల కాపరులకు ఎన్‌డీవీఐతోనే బీమా మొదలైంది. గడ్డి ఎండిందని ఉపగ్రహం చెబితే డబ్బులిస్తారు. అక్కడైనా ఇక్కడైనా ఎదురైన చిక్కు ఒకటే... అంకె బాగుండి చేను పోతే ఎలా?

రైతు చేతిలో ఉన్నది

ఆకాశంలో ఎన్ని కళ్లున్నా కింద నమోదు సరిగా లేకపోతే ఫలితం సున్నా. చేలో వరి ఉండి కాగితంలో మరో పంట ఉంటే ఉపగ్రహం గట్టెక్కించలేదు. చేను సాగు చేసేది కౌలు రైతా, యజమానా అన్నదీ దానికి తెలియదు. కాబట్టి ఈ-పంట నమోదులో పంట పేరు, విస్తీర్ణం, సాగుదారు పేరు సరిచూసుకోవాలి. వడగళ్లలాంటి దెబ్బ తన ఒక్క చేనుకే తగిలితే 72 గంటల్లోపు 14447 నంబరుకు తెలపాలి. ఊళ్లో పంట కోత ప్రయోగం ఏ రోజు, ఏ సర్వే నంబరులో జరుగుతుందో అడిగి తెలుసుకుని, ఆ పూట గట్టున నిలబడాలి. డెబ్బై పైసల తీర్పు ఇంకా ఆ మడిలోనే ఉంది మరి!